నాన్న కత్తిరించిన సినిమా

పోయిన ఆదివారం మా బాబాయ్ లింగంపల్లి నుంచి నల్లగండ్లలోని మా ఫ్లాట్‌కి ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు. ఆయనకు అక్కడ సీసీ కెమెరాల దుకాణం ఉంది. అటక సర్దుతుంటే దొరికిందని, పాపకు ఇద్దామని తెచ్చానని అన్నాడు. లోపల డీవీడీలు. ఇంట్లో మనుషుల కన్నా తెరలు ఎక్కువ ఉన్నాయి గానీ, ఆ బిళ్ళలను మింగే నోరున్న యంత్రం మాత్రం ఒక్కటీ లేదు. ఐదేళ్ళ మా ఆద్య వాటిని బొమ్మలకు అన్నం పళ్ళేలుగా సర్దేసింది. మా ఆయన మాత్రం పెట్టె మీది బొమ్మ చూసి గుడిలో అడుగుపెట్టినవాడిలా చెప్పులు విడిచినంత పని చేశాడు. ఆయనది కడప. పగలు ఆఫీసులో కోడ్ రాస్తాడు, మిగతా జీవితం సినిమాల నిడివి గురించి వాదిస్తాడు. "ఇది ఎక్స్‌టెండెడ్ కట్ స్వప్నా" అన్నాడు, ఇంట్లో పసిబిడ్డ పుట్టినప్పుడు కూడా అంత మెల్లగా మాట్లాడని మనిషి. నేను బాబాయ్ వైపు చూశాను. బాబాయ్ కిటికీలోంచి ఎదుటి టవర్ వైపు చూశాడు.

ఆ సినిమాకు మంచి ఇంగ్లీషు పేరే ఉంది గానీ మా ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. మాకది తలుపు సినిమా. లావుపాటి నవలను తీసుకుని తీసిన విదేశీ మాయల సినిమా. కొండ దేశంలో ఒక ముసలి తల్లి, ఇద్దరు కొడుకులు. అన్నదమ్ములు దారిలో ఏదో మాట మీద తగువు పడతారు. తమ్ముడు కోపంతో కొండలో ఉన్న ఒక రాతి తలుపు దాటి లోపలికి వెళ్ళిపోతాడు. తలుపు మూసుకుంటుంది. బయట అన్న, లోపల తమ్ముడు, మధ్యలో ఎవరికీ అర్థంకాని భాషలో ఒక మంత్రం. లోకంలో అందరికీ ఈ సినిమా రెండు రకాలుగా తెలుసు. హాళ్ళలో ఆడినది పొట్టిది, డీవీడీలో వచ్చినది పొడుగుది. మా చందానగర్ వాళ్ళకు మూడో రకం ఒకటి తెలుసు. అది మా నాన్న తయారుచేశాడు.

నాన్న కేబుల్ ఆపరేటర్. మా డాబా మీద రేకుల గది ఉండేది, దాన్ని కంట్రోల్ రూమ్ అనేవాళ్ళం. గోడ నిండా వేడెక్కిన డబ్బాలు, పాములపుట్టలా వైర్లు, కాలిన దుమ్ము వాసన, దానిమీద అగరుబత్తి వాసన. నాన్న పొద్దున్నే స్నానం చేసి దేవుడి కంటే ముందు డీవీడీ ప్లేయర్‌కు అగరుబత్తి తిప్పేవాడు. లోకల్ ఛానల్లో రోజూ సాయంత్రం ఒక సినిమా వేయాలి. అది ఏడు గంటల సీరియల్‌కు ముందే అయిపోవాలి. అప్పట్లో ఇంటికొకటే టీవీ. ఏడింటికి పిల్లలు ఇంకా సినిమాకు అంటుకుని ఉంటే ఆడవాళ్ళు రిమోట్ కోసం కొట్లాడాల్సి వచ్చేది. ఆ గొడవ ఇళ్ళలో తేలక మా గేటు దాకా వచ్చేది. ఒకసారి అందరూ కలిసి వచ్చి, నీ సినిమా టైముకు ఒడవకపోతే రైలు పట్టాల అవతలి మీ తమ్ముని కనెక్షన్ పెట్టించుకుంటామని చెప్పిపోయారు. నాన్నకు భూకంపం వచ్చినా ఫరవాలేదు గానీ ఆ మాట పడదు. ఆ రోజు నుంచి మా ఛానల్లో ఏ సినిమా అయినా ఏడుకు ఐదు నిమిషాల ముందు చచ్చిపోయేది.

సినిమాను కోయడానికి ఆయనకొక పద్ధతి ఉంది. కొట్టుకునేవి ఉంచాలి, మాట్లాడుకునేవి తీసెయ్యాలి. పాటలు ఆయన మూడ్‌ను బట్టి. ప్రకటనలు మాత్రం చచ్చినా ముట్టుకోకూడదు. స్వీట్ షాపు, చీరల షాపు, ఇంగ్లీషు మీడియం బడి, ఎవరింట్లోనో బారసాల. ఇవన్నీ పోగా మిగిలిన చోటులో సినిమా ఇరుక్కోవాలి. తలుపు సినిమా తెలుగులో మూడు సీడీలుగా వచ్చింది. రెండో సీడీ చివర తలుపు మూసుకుంటుంది. మూడోది పెట్టే లోపల ఏడు అయ్యేది. కాబట్టి మా కాలనీ పిల్లలందరి జ్ఞాపకంలో ఆ కథ ఇలా ముగుస్తుంది: తమ్ముడు లోపలికి పోతాడు, తలుపు ధన్‌మని మూసుకుంటుంది, వెంటనే ఒకామె పట్టుచీర కొంగు విప్పి ఆషాఢం తగ్గింపు గురించి చెబుతుంది. నాతో చదువుకున్న వాళ్ళు ఇప్పుడు గచ్చిబౌలి అద్దాల టవర్లలో మేనేజర్లు. వాళ్ళలో చాలామంది ఆ అబ్బాయి కొండలోనే చనిపోయాడని ఇవాళ్టికీ నమ్ముతున్నారు. ఒకడైతే అలాంటి ముగింపు పెట్టిన దర్శకుడి ధైర్యం గురించి నాకు లెక్చర్ ఇచ్చాడు.

మా నాయనమ్మకు ఆ ధైర్యం నచ్చలేదు. ఆవిడ టీవీ ముందు కుర్చీలో కాదు, కిందే, గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేది. మోకాళ్ళకు రాసుకున్న బామ్ వాసన, నోట్లో వక్క వాసన కలిసి ఆమె చుట్టూ ఒక చిన్న వాతావరణం ఉండేది. సినిమాలో మనుషులతో ఆమె మాట్లాడుతుంది. దొంగ వస్తుంటే హెచ్చరిస్తుంది, పెళ్ళికూతురు బక్కగా ఉంటే తిడుతుంది. ఆ సినిమా మొదటిసారి వేసిన రోజు తలుపు మూసుకుని చీరల షాపు రాగానే మెట్ల దగ్గరికి పోయి పైకి చూసి అరిచింది.

"పెద్దోడా, ఆ పోరడు బయటికొచ్చిండా లేదా?"

"నాకేం తెల్సమ్మా, నేను చూసిన్నా? వచ్చే ఉంటడు తియ్."

"వచ్చే ఉంటడు అంటవేందిరా? నువ్వే కదరా ఏసింది."

నాన్న చెప్పింది నిజం. తాను వేసే సినిమాలు ఆయన చూడడు, గడియారం చూస్తాడు. నాయనమ్మ ఆ రాత్రి అన్నంలో పచ్చిపులుసు కలిపి ముద్దలు చేసి పెట్టుకుంది గానీ తినలేదు. అమ్మ బతిమాలితే, ఆ పిల్లగాడు లోపల ఏం తింటున్నడో అంది. అమ్మకు అర్థమైంది. పదేళ్ళ నాకు కూడా కొంచెం అర్థమైంది. మా ఇంట్లోనూ ఒక తమ్ముడు తలుపు వేసుకుని పోయాడు.

ఆ కథ చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది, అంత చిన్నది. దసరాకు లోకల్ ఛానల్లో శుభాకాంక్షల బొమ్మ వేస్తారు కదా. అప్పట్లో కేబుల్ ఇద్దరిదీ కాబట్టి దానిమీద నాన్న, బాబాయ్ ఇద్దరి ఫోటోలు ఉండాలి. కంప్యూటర్ సెంటర్ వాడు నాన్న ఫోటో అరచేయంత పెట్టి, బాబాయ్‌ని కింద మూలన బొట్టుబిళ్ళంత గుండ్రంగా పెట్టాడు. నాన్న అది సరిచేయించలేదు. పెద్దవాడిని కదా, అలాగే ఉండాలనుకున్నాడేమో. పండగ పూట బాబాయ్ తింటున్న పళ్ళెం ముందు నుంచి లేచాడు. వైర్లు పంచుకున్నారు, పట్టాలు హద్దు అయ్యాయి. ఆయన లింగంపల్లిలో వేరే కేబుల్ పెట్టుకున్నాడు. తర్వాత రెండు బతుకమ్మలు దాటినా గడప తొక్కలేదు. నాన్న పిలవలేదు. మధ్యలో మా నాయనమ్మ. వేరు కాపురం పెట్టిన కొడుకు ఇంటికి పిలవకుండా పోతే పెద్దకొడుకు పరువు పోతుంది, పోకపోతే చిన్నకొడుకు మొహం చూసే దారి లేదు. ఆమెకు కావలసింది ఒకటే, ఇద్దరూ మళ్ళీ ఒకరితో ఒకరు మాట్లాడాలి. ఎలా మాట్లాడించాలో మాత్రం తెలియలేదు. తలుపు సినిమా వచ్చేదాకా.

పూలమ్మే ఆమె నోటి నుంచి తెలిసింది, లింగంపల్లిలో ఆ సినిమా మొత్తం వేస్తున్నారని, అదీ మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా నడుస్తుందని. బాబాయ్ బిల్డింగులో కిరాయికున్న ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి దగ్గర పొడుగు డీవీడీలు ఉన్నాయట. బాబాయ్ దాన్ని కోయకపోవడానికి కళాభిమానం కారణం కాదు. కొత్త కేబుల్, ఒక్క ప్రకటన కూడా రాలేదు. ఖాళీని ఏదో ఒకదానితో నింపాలి. విదేశీ దర్శకుడి కలను లింగంపల్లిలో పూర్తిగా గౌరవించింది ఆ ఖాళీయే.

మర్నాడు నాయనమ్మ కళ్ళు మసకగా ఉన్నాయని, లింగంపల్లి దవాఖానలో చూపించుకుంటానని ప్రకటించింది. తోడు నేను. అమ్మ స్టీలు డబ్బాలో సర్వపిండి రొట్టెలు సర్ది, పైన గుడ్డ కట్టి ఇచ్చింది. కళ్ళ డాక్టరుకు సర్వపిండి ఎందుకని నాన్న అడగలేదు. డబ్బా వైపు చూసి, జర పైలంగ పోయి రాండ్రి అని మాత్రం అన్నాడు. షేర్ ఆటోలో ఇరుక్కుని పోయాం. బాబాయ్ గది మా గది కన్నా చిన్నది, కానీ అదే వాసన, కాలిన దుమ్ము, అగరుబత్తి. నాయనమ్మను చూసి ఆయన లేచి నిలబడ్డాడు, ఫ్యాన్ వేగం పెంచాడు. ఆమె ఆయన మొహం చూడలేదు. డబ్బా బల్లమీద పెట్టి, కింద కూర్చుని కాళ్ళు చాపింది.

"ఆ పోరని సిన్మా ఎయ్. మొత్తం ఎయ్. జర గూడ కొయ్యకు."

ఆయన వేశాడు. అది ఇంగ్లీషులో ఉంది. అయినా ఆమె ఆపమనలేదు. నేను బడిలో నేర్చుకున్న ఇంగ్లీషుకు ఆ సినిమాలో పని దొరకలేదు. కానీ ఎంత తేడా. నాన్న వేసిన సినిమాలో ఎప్పుడూ ఎవరో ఒకరు పరుగెడుతూ ఉంటారు. దీనిలో కూర్చుని తింటున్నారు. గంజిలాంటిది వండుకుంటున్నారు, గాడిదలకు నీళ్ళు పెడుతున్నారు, చెప్పు తెగితే కుట్టుకుంటున్నారు. నాయనమ్మకు ఇవే నచ్చాయి. కత్తులు తీయగానే ఆవలించి, మళ్ళీ ఎవరైనా పొయ్యి ముట్టిస్తే సర్దుకుని కూర్చునేది. ఇప్పుడు మా ఆయన ఇదే మాటను నిడివి, లయ, లోకనిర్మాణం అని గంటసేపు చెబుతాడు. ఆవిడ "మనుషుల లెక్క ఉన్నరు" అని ముగించేసింది.

తలుపు మూసుకున్నాక, పొట్టి సినిమాలో లేని ఘట్టం ఒకటి వస్తుంది. ముసలి తల్లి కొండెక్కి వచ్చి ఆ రాతి తలుపు ముందు కూర్చుంటుంది. ఆమె ఏమంటోందని నేను అడిగాను. నాయనమ్మ నాకు చెప్పడం మొదలుపెట్టింది, తెర వైపే చూస్తూ, గొంతు మార్చకుండా, నింపాదిగా.

"ఓ చిన్నోడా, తలుపు ఏసుకుంటె మీ అన్నకేం పోయింది? వాడు బువ్వ తింటుండు, నిద్ర పోతుండు. పోయింది నాకు. నీకు ఆకలైతె కోపమొస్తది, కోపమొస్తె మాట్లాడవ్. అది అందరికీ పొగరు లెక్క కనవడ్తది. ఫోటో చిన్నగుంటె నువ్వు చిన్నోనివి అయితవా? నేను నిన్ను కన్ననాడు నువ్వు గంతే ఉంటివి. గప్పుడు ఏమన్నా అన్ననా? జల్ది బయటికి రా."

ఆ కొండల్లో ఫోటో స్టూడియో ఎక్కడుందా అని ఒక్క క్షణం అనిపించింది. విదేశం కదా, ఉంటుందిలే అనుకున్నాను. నాయనమ్మకు ఇంగ్లీషు వచ్చినందుకు మాత్రం చాలా గర్వపడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే బాబాయ్ సర్వపిండి ముక్క చేతిలో పట్టుకుని, కొరక్కుండా, తెర చూస్తున్నాడు. ఆఖరున తలుపు తెరుచుకుంది. తమ్ముడు బయటికి వచ్చాడు. వాటేసుకుంటారని నేను ఎదురుచూస్తే, అన్నదమ్ములు వచ్చీరాగానే మళ్ళీ తగువు పెట్టుకున్నారు. నాయనమ్మ వక్క గొంతుకు అడ్డం పడేంత నవ్వింది. ఇదీ సినిమా అంటే అంది.

వెళ్ళేటప్పుడు బాబాయ్ మెట్ల దాకా వచ్చి, అన్న ఒక్క మాట పిలిస్తే వస్తానన్నాడు. నాయనమ్మ చెయ్యి చాపి, ఆఖరి డిస్క్ ఇయ్యమంది. కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. కళ్ళు ఎట్లున్నయని నాన్న అడిగితే, మంచిగ కనవడ్తున్నయి, నీకే జర మసకున్నయి అని, మోకాళ్ళు పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కి కంట్రోల్ రూమ్‌కు పోయింది. ఆ గదికి ఆవిడ అంతకుముందెప్పుడూ ఎక్కలేదు. నేను వెనకాలే పోయాను. నాన్న గడియారం చూపించాడు. ఏడు కావస్తోంది. ఈ డిస్క్ పెడితే సీరియల్ టైమంతా పోతుంది, కాలనీ ఊరుకోదు, కనెక్షన్లు పోతాయి, అవతలికే పోతాయి. నాయనమ్మ స్టూలు మీద కూర్చుని, ఎయ్ అంది.

ఆయన వేశాడు. ఆ గదిలో చిన్న టీవీ ముందు, బహుశా మొదటిసారి, నాన్న తాను వేసిన సినిమా చూశాడు. ముసలి తల్లి కొండెక్కి తలుపు ముందు కూర్చుంది. కింద ఫోన్ మోగడం మొదలైంది. ఆ రోజు సీరియల్లో పెళ్ళట, ఎన్నో నెలలుగా ఆగుతున్న పెళ్ళి. అమ్మ కింది నుంచి అరిచింది, ఎత్తమంటావా అని. ఆయన వినలేదు. నాయనమ్మ మళ్ళీ తర్జుమా చేస్తోంది. కానీ ఈసారి ఆ తల్లి వేరే మాటలు చెబుతోంది.

"పెద్దోడా, నువ్వు బయట నిలవడి ఏం జేస్తున్నవ్? మంత్రం యాది చేస్తున్నవా? మంత్రం లేదు గింత్రం లేదు. పేరు పెట్టి పిలువు. ముందుగాల మాట్లాడినోడు చిన్నగ అయితడని ఎవడు చెప్పిండు నీకు? నేను ఉన్నన్ని దినాలు మీ ఇద్దర్ల ఎవడు పెద్దోడో నాకు తెల్వదారా?"

నాకు కంగారు పుట్టింది. లింగంపల్లిలో ఈ మాటలు లేవు. ఒకే సినిమా రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటుందని అప్పుడే తీర్మానించుకున్నాను. పట్టాలకు ఇవతల ఒక ప్రింటు, అవతల ఒక ప్రింటు. సినిమాల పాఠాంతరాలను పోల్చి చూడడంలో నేను మా ఆయన కన్నా చాలా ముందున్నాను. ఆయనకు అప్పటికి కడపలో నిక్కరు కూడా సరిగ్గా నిలిచేది కాదు.

తలుపు తెరుచుకుంది, అన్నదమ్ములు తగువు పెట్టుకున్నారు. పేర్లు పడ్డాయి. నాన్న చాలాసేపు ఏ చీరల షాపూ వేయలేదు. కాలనీలో ప్రతి టీవీలోనూ నల్లటి తెర. ఇంగ్లీషులో వచ్చిన ఆ ముక్కను పిల్లలు వేరే సినిమా అనుకున్నారని తర్వాత తెలిసింది. తర్వాత కిందికి దిగి, మోగుతున్న ఫోన్ ఎత్తి, వెంటనే పెట్టేసి, మళ్ళీ ఎత్తి, తానే ఒక నంబర్ తిప్పాడు. నంబర్ ఆయనకు చూడకుండానే వచ్చు.

"అరే శీనుగా, డిస్కు మీద గీతలు ఉన్నయిరా. ఎట్ల పట్టుకుంటవ్ నువ్వు డిస్కులు? నీకు ఎన్నిసార్లు చెప్పిన్నేను, అంచులకు పట్టుకోవాలె అని?"

అవతలి నుంచి ఏదో అరుపు. నాన్న కూడా గొంతు పెంచాడు. గీత ఎవరు పెట్టారన్న దాని మీద అరగంట కొట్లాడుకున్నారు. నాకు భయమేసి అమ్మ వెనక నక్కాను. నాయనమ్మ మాత్రం పళ్ళెం ముందేసుకుని, పచ్చిపులుసు ఇంకొంచెం పొయ్యమని, కడుపు నిండా తిన్నది. ఆ మర్నాడు గీతల సంగతి తేల్చడానికి బాబాయ్ స్వయంగా వచ్చాడు. క్షమించమని ఎవరూ అనలేదు, ఇప్పటికీ అనలేదు. ఆ ఏటి సీరియల్ పెళ్ళి మాత్రం మా కాలనీ ఆడవాళ్ళు చూడలేకపోయారు. ఇరవై ఏళ్ళు దాటినా చందానగర్ మార్కెట్లో నేను కనబడితే దానిగురించి దెప్పే అత్తలున్నారు.

నాయనమ్మ పోయి చాలా కాలమైంది. కేబుళ్ళూ పోయాయి. ఇప్పుడు పొట్టి సినిమా, పొడుగు సినిమా పక్కపక్కనే ఫోన్‌లో ఉంటాయి, ఏది కావాలో వేలితో ముట్టుకోవడమే. అయినా కోత ఆగలేదు, చెయ్యి మారిందంతే. ఇప్పుడు కోసేది నేను. ఏ సినిమా ఏ వయసుకు తగునో ముక్కూమొహం తెలియని తల్లులు రాసినవి చదివి గానీ పాపకు ఏదీ పెట్టను. పడుకునేటప్పుడు నేను చెప్పే కథల్లో పులి ఆకులు తింటుంది, రాక్షసుడు సారీ చెబుతాడు, ఎవరూ తప్పిపోరు. నాన్న సీరియల్ కోసం కోశాడు, నేను భయం కోసం కోస్తున్నాను. ఆద్యకు అనుమానం రానే వచ్చింది. మొన్న ఒక కథ మధ్యలో, నువ్వు ఏం తీసేశావు అని అడిగింది. 

ఆ భయంతోనే నిన్న మా ఆయన పెద్ద తెర మీద పొడుగు సినిమా పెడతానంటే వద్దన్నాను. తమ్ముడు లోపల ఇరుక్కునేది ఐదేళ్ళ పిల్లకు ఎందుకు? చివరికి ఒప్పుకున్నా, తలుపు దగ్గర ముందుకు జరిపేయాలని రిమోట్ చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. నాన్న, బాబాయ్ ఇద్దరూ వచ్చారు, సోఫాకు చెరో చివర, మధ్యలో ఆద్య. పెళ్ళయినప్పటి నుంచి మా ఆయన ఈ సినిమా ఎన్నిసార్లు పెట్టినా నేను మొదటి గంటలోనే నిద్రపోయాను. కాబట్టి చిన్నప్పటి తర్వాత ఆ ఘట్టం చూడడం ఇదే. తలుపు మూసుకుంది. నా వేలు బటన్ మీదే ఉంది. ఆద్య ఏడవలేదు, తాత చెయ్యి మాత్రం పట్టుకుంది. నేను నొక్కలేదు.

ముసలి తల్లి కొండెక్కి వచ్చి కూర్చుంది. నేను ఎదురుచూశాను. ఆమె ఏమీ అనలేదు. గాలి చప్పుడు, దూరంగా ఒక పక్షి. ఆమె తలుపు వైపు చూస్తూనే ఉంది, నోరు విప్పలేదు. సౌండ్ పోయిందేమో చూడమని మా ఆయనను అడిగాను.

"సౌండ్ బాగానే ఉంది. ఈ సీన్‌లో ఆమె ఏం మాట్లాడదు కదా. సినిమా మొత్తంలో ఇదే గొప్ప సీను" అన్నాడాయన, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

నేను నాన్న వైపు తిరిగాను. ఆయన గోడ మీది గడియారం చూస్తున్నాడు. బాబాయ్ వైపు తిరిగాను. ఆయన నా వైపే చూసి మెల్లగా తలాడించాడు. ఇద్దరికీ తెలుసు. ఆ రోజే తెలుసు. ఇన్నేళ్ళు రెండు ప్రింట్లు ఉన్నాయని నమ్మి తిరిగింది నేనొక్కదాన్నే.

"తాతా, ఆ అవ్వ ఏమంటోంది?" అని ఆద్య అడిగింది.

"పెద్దోడు ముందుగాల మాట్లాడాలె అంటుంది బిడ్డా" అన్నాడు నాన్న.

"గట్ల అన్లే. చిన్నోడు జల్ది ఇంటికి రావాలె అంటుంది" అన్నాడు బాబాయ్.

"నేను విన్న గదరా, నా చెవులతోటి."

"నీకు గట్లన్నది అన్నా. నాకు గిట్లన్నది."

తెర మీద ఆ తల్లి ఇంకా ఊరికే కూర్చుని ఉంది. ఇద్దరూ ఆద్య తల మీదుగా వాదించుకుంటున్నారు. ఎవరికి వారు తమకు పడిన తిట్లే అసలైనవని. ఆద్య ఆ పక్కకూ ఈ పక్కకూ చూస్తూ వింటోంది, ఒక్క ముక్క వదలకుండా. అసలేమన్నదో తేల్చేద్దాం, సబ్‌టైటిల్స్ పెట్టనా అని మా ఆయన నవ్వాపుకుంటూ అడిగాడు. వద్దన్నాను.